పంతొమ్మిది మెట్లు

గోడ మీది చార్టు ప్రకారం ప్రయాణానికి ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. ఎండాకాలం సెలవుల్లో పదహారు రోజులు, నాలుగు ఊళ్ళు, రెండు ప్రాంతాలు. ఆ ఊళ్ళ అసలు పేర్లు నోరు తిరగడం లేదని తొమ్మిదేళ్ళ పాప తన పేర్లు తానే పెట్టుకుంది. వాటిని రంగు కాగితాల మీద రాసి చార్టు నిండా అంటించింది. విమానం ఊరు, గడియారం ఊరు, సరస్సులు, రైలు కొండలు, వంతెనల ఊరు, చివరికి పడవల ఊరు. పోయిన వారం దాకా ఇది ఒక ఇంట్లోవాళ్ళు సెలవులకు బయల్దేరుతున్న కథ. శనివారం సాయంత్రం అత్తయ్య అన్న ఒక్క మాటతో మరోలా మారింది.

చార్టు గీసింది కోడలు. ఆమె పని అదే. కళ్ళజోళ్ళ షాపు పైన, రెండో అంతస్తులో మూడు బల్లల ట్రావెల్ ఆఫీసు ఉంది. అక్కడ ఆమె పన్నెండేళ్ళుగా జనానికి రూట్లు వేసిపెడుతోంది. కస్టమర్లు వెనకాల ఆమెను మ్యాపులమ్మ అంటారు. కొందరు ముందు కూడా అంటారు.

ఆమెకు కొన్ని పద్ధతులున్నాయి. అరవై దాటినవాళ్ళకు టికెట్టు తీసేముందు నడక పరీక్ష పెడుతుంది. పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఊరి వీధుల ఫొటోలు కంప్యూటర్‌లో తెరిచి, ఒక్కో అడుగు జరుపుతూ, “ఇప్పుడెటు?” అని అడుగుతుంది. ఏడేళ్ళ కిందట ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మోకాళ్ళ నొప్పుల భార్యను వెంటబెట్టుకుని ఒకే స్టేషన్ చుట్టూ రెండు గంటలు తిరిగాడు. ఈ పరీక్ష అప్పుడు మొదలైంది. ఇంకో పద్ధతి, ఏ ఊళ్ళో ఏ గైడు కలుస్తారో వాళ్ళకు ముందే ప్రయాణికుల ఫొటో పంపడం. దాంతో ప్లాట్‌ఫాం మీద ఎవరూ ఎవరినీ వెతుక్కోనక్కర్లేదు. పడవల ఊరికి ముప్పై ఏళ్ళ అమ్మాయి ఒకామె దొరికింది. పుట్టింది అక్కడే అయినా మన భాష మాట్లాడుతుంది. అత్తయ్యకు మాట కలుస్తుందని కోడలు పనిగట్టుకుని వెతికి పట్టుకున్న మనిషి.

శనివారం అత్తయ్యకు నడక పరీక్ష. పడవల ఊళ్ళో హోటల్ నుంచి రేవు దాకా. మందుల షాపు దాటాక దారి రెండుగా చీలింది. కోడలు ఎడమ సందులోకి తిరగబోయింది.

“అటొద్దమ్మాయ్. చివర మెట్లున్నాయి, పంతొమ్మిది. కుడివైపు వాలు దారి ఉంటుంది. చుట్టు తిరుగుడే గానీ మోకాళ్ళకు సుఖం,” అంది అత్తయ్య.

తెర మీద అప్పటికి మెట్లు రాలేదు.

అత్తయ్యకు అరవై ఒకటి. పాస్‌పోర్టు వచ్చి రెండు నెలలయింది. ఈ దేశం దాటి ఎప్పుడూ కాలు బయట పెట్టలేదని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసని అనుకున్నారు.

*

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు భర్త, పాప సూట్‌కేసు కొనడానికి బజారుకు వెళ్ళారు. తలుపు పడ్డాక కోడలు లాప్‌టాప్ తెరిచి ఆ సందులోకి తిరిగింది. పొద్దుటినుంచి ఇలా చూడడం ఇది మూడోసారి. సందు చివర ఇనప కమ్మీ, దాని పక్కన రాతి మెట్లు. ఫొటో పెద్దది చేసి కిందనుంచి పైకి లెక్కపెట్టింది. తర్వాత పైనుంచి కిందికి. పంతొమ్మిది.

ముందు గదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. అత్తయ్య ఇంట్లోనే బట్టలు సరిచేసిపెడుతుంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, లైనింగులు వెయ్యడం ఆమె పని. ఇరవై ఏళ్ళుగా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. కోడలు గుమ్మంలోంచి చూసింది. అత్తయ్య దారం కొసను పట్టుకోబోతోంది. అది వేళ్ళకు దొరకడం లేదు. పట్టుకుంటే జారుతోంది. నాలుగోసారి ఆమె దారాన్ని పళ్ళతో పట్టుకుంది.

కోడలు బాత్రూంలోకి వెళ్ళింది. కాళ్ళు రుద్దుకునే రాయి కుళాయి పక్కన ఉంది. పోయిన నెల కొన్న రాయి. మధ్యలో గుంట పడి ఉంది. మడమలు రుద్దితే రాయి నున్నగా అరుగుతుంది. ఇలా వేలి వెడల్పున గుంట పడదు.

రేపు తొమ్మిదిన్నరకు వీసా ఆఫీసులో నలుగురికీ వేలిముద్రలు తీస్తారు.

ఆమె ఆ గుంటను వేలితో తడిమింది. అప్పుడు గుర్తొచ్చింది ఫారం. ముప్పై నాలుగు ప్రశ్నలుంటాయి అందులో. కస్టమర్లకైతే ఒక్కో ప్రశ్న పైకి చదువుతుంది. వాళ్ళ నోటితో జవాబు చెప్పించి అప్పుడే టిక్కు పెడుతుంది. ‘మీకు తెలుసుగా, రాసెయ్యండి’ అనేవాళ్ళను ఒప్పుకోదు. ఇంట్లో నలుగురివీ మాత్రం మంగళవారం ఆఫీసులో కూర్చుని పావుగంటలో నింపేసింది. సొంతవాళ్ళను అడిగేదేముంది అనుకుంది. అన్నీ ‘లేదు’లే. అడుగున ‘ఫారం నింపినవారు’ అన్నచోట ఆమె సంతకం.

రాయి తీసుకుని ముందు గదిలోకి నడిచింది.

“అత్తయ్యా, ఒక్క మాట.”

“ఒక్కటేనా? పొద్దుటినుంచి నా చుట్టూ తిరుగుతున్నావు, పది మాటలకు సరిపడా.”

“ఆ మెట్లు మీకెలా తెలుసు?”

“ఏ మెట్లు?”

“పంతొమ్మిది మెట్లు.”

“టీవీలో చూసుంటాను.”

“టీవీ చూస్తూ మెట్లెవరు లెక్కపెడతారు?”

“నేను పెడతాను. నాకలవాటు. నీ కూతురికి అంకెలు ఎక్కడొచ్చాయనుకున్నావు, బడిలోనా? మన మెట్ల మీదే. లిఫ్టులు బాగుచేసేవాడి కూతురై పుట్టి మూడంతస్తులు నడిచి ఎక్కే పిల్ల ప్రపంచంలో అదొక్కతే అయ్యుంటుంది.”

మామూలు రోజైతే కోడలు నవ్వేది. అత్తయ్య చెప్పింది నిజం. నడక వచ్చినప్పటినుంచి పాపచేత మెట్లు లెక్కపెట్టించింది ఆమే. ఇప్పటికీ మెట్ల మీద పాప చెయ్యి వదలదు. ‘నాకు తొమ్మిదేళ్ళు నానమ్మా’ అని పాప గుంజుకుంటే, ‘తొంభై వచ్చినా ఇంతే’ అంటుంది. అది ముద్దు అనుకున్నారు ఇంట్లో.

కోడలు రాయిని మిషన్ బల్ల మీద పెట్టింది.

అత్తయ్య దాని వైపు చూసింది. చేతులు రెండూ ఒడిలోకి లాక్కుంది.

“చూపించండి.”

“ఏం చూపించాలి?”

“వేళ్ళు.”

“నువ్వు పోలీసువా?”

ఆ మాట అన్నాక ఆమె పెదవులు బిగుసుకున్నాయి. ఎక్కడో అలవాటైన మాట నోరు జారినట్టుంది. కోడలు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. అత్తయ్య కుడి చెయ్యి తీసి ఆ చేతిలో పెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. కొసల మీద గీతల్లేవు. చర్మం మెరుస్తోంది. చూపుడువేలి మీద నెత్తురు చెమ్మ.

“ఎన్ని రోజులనుంచి?”

“నాలుగు. బుధవారం నుంచి. మంగళవారం చెప్పావుగా, వేళ్ళు పెట్టాలని.”

అప్పుడే ఫోను మోగింది. భర్త.

“ఇదిగో, ఇక్కడ యుద్ధం జరుగుతోంది. నాలుగు చక్రాలది కావాలంటుంది నీ కూతురు. రెండు చక్రాలది గట్టిదిరా అంటే వినదు. ఎర్రదా నీలందా కూడా తేలలేదు. అమ్మనడుగు, ఆవిడ మాటైతే వింటుంది.”

కోడలు అత్తయ్య వైపు చూసింది.

“ఎర్రది తీసుకోమను. గుంపులో కనపడుతుంది,” అంది అత్తయ్య. గొంతు మామూలుగానే ఉంది.

“ఎర్రదట,” అంది కోడలు.

“ఏంటి, నీ గొంతు అలా ఉంది? జలుబా?”

“దుమ్ము దులుపుతున్నా. ఎంతసేపట్లో వస్తారు?”

“గంట.”

కోడలు ఫోను పెట్టేసింది.

“నీ ఫారం తీసుకురా,” అంది అత్తయ్య. “ఊరందరికీ చదివి అడుగుతావటగా. నన్ను అడగలేదు. అడగలేదు కాబట్టి నేను అబద్ధం చెప్పలేదు. నాలుగు రోజులుగా నాకు నేను అదే చెప్పుకుంటున్నా. ఇప్పుడడుగు.”

కోడలు సంచిలోంచి ఫారం తీసింది. కాగితాన్ని బల్ల మీద పరిచింది. ఆఫీసులో చదివినట్టే పైకి చదివింది.

“పద్దెనిమిదో ప్రశ్న. ఇంతకు ముందు ఈ దేశానికి వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“ఎప్పుడు?”

“ముప్పై తొమ్మిదేళ్ళ కిందట. నాకు ఇరవై రెండు. పెళ్ళి కాలేదు. ఇక్కడివాళ్ళే, మొగుడూ పెళ్ళాం, ఆయనకు ఆ రేవులో ఉద్యోగం. చంటిబిడ్డను చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. వెళ్ళాను.”

“ఇరవై రెండో ప్రశ్న. వేరే పేరుతో ప్రయాణం చేశారా?”

“చేశాను. పనిమనుషులకు పాతికేళ్ళు నిండాలన్నారు అప్పట్లో. మా అక్కకు నిండాయి. అక్క పాస్‌పోర్టు, అక్క పేరు, అక్క పుట్టినరోజు. మొహాలు ఒక్కలాగే ఉండేవి మాకు. ఆ ఇంట్లోవాళ్ళు నన్ను రెండేళ్ళూ అక్క పేరుతోనే పిలిచారు. పిలిస్తే పలకడానికి మొదట్లో కష్టమయ్యేది.”

ఆ అక్క పోయి ఆరేళ్ళయింది. కోడలు ఆమెను చూసింది. తన పెళ్ళిలో పక్కన నిలబడి ఫొటో దిగింది.

“ఇరవై ఏడు.” ఆ ప్రశ్న కోడలికి కంఠతా వచ్చు. చదివిన ప్రతిసారీ కస్టమర్లు నవ్వుతారు, మేం దొంగల్లా ఉన్నామా అని. “అక్కడి పోలీసులు ఎప్పుడైనా మిమ్మల్ని విచారించారా? వేలిముద్రలు తీసుకున్నారా?”

“పది వేళ్ళూ. సిరాలో ముంచి, అట్ట మీద. ఒక్కో వేలూ దొర్లించారు. సబ్బుతో కడిగితే మూడు రోజులు పోలేదు.”

“అవును అంటే, ఏ విషయంలో?”

ఫారంలో ఆ ప్రశ్న కింద రెండు గీతల ఖాళీ ఉంది. అత్తయ్య ఆ గీతల వైపు చూసింది.

“ఇందులో పట్టదు,” అంది.

ఆమె చెప్పింది ఇంతే. తోపుడు బండిలో బిడ్డను రోజూ రేవుకు తీసుకెళ్ళాలి. నాలుగు గంటల పడవలో అయ్యగారు దిగుతారు. బండి మెట్ల మీద దిగదు కాబట్టి వాలు దారిన వెళ్ళాలి, పది నిమిషాలు ఎక్కువ. మెట్ల దారిన పోవద్దని అమ్మగారి మాట. ఆ రోజు ఆలస్యమైంది. పడవ కూత వినపడింది. బిడ్డను పై మెట్టు మీద కూర్చోబెట్టి, చేతికి బిస్కెట్టు ఇచ్చి, ముందు బండిని కిందికి దించింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

“పంతొమ్మిది దిగాను. పంతొమ్మిది ఎక్కాను. బిస్కెట్టు ఉంది. బిడ్డ లేదు.”

కోడలు వేళ్ళ మీద లెక్క వేసింది. ముప్పై తొమ్మిదేళ్ళు. అప్పటి చంటిబిడ్డకు ఇప్పుడు దాదాపు నలభై. భర్తకు ముప్పై ఆరు. ఆ ముప్పై ఆరుకు కాగితం ఏముంది? బడిలో రాయించిన తేదీ ఒక్కటే. అత్తయ్యకు ఆ ఒక్క కొడుకే. మూడు నాలుగేళ్ళు తగ్గించి రాయిస్తే ఎవరికి తెలుస్తుంది?

“ఆ బిడ్డ... పిల్లా, పిల్లాడా?”

అత్తయ్య ఆమె మొహంలోకి చూసింది. అర్థం చేసుకుంది.

“పిల్ల. రెండేళ్ళ ఆడపిల్ల. నీ మొగుడు నా కడుపున పుట్టినవాడే, భయపడకు. పదహారు గంటలు నొప్పులు పడి కన్నాను. ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే తెలియడం లేదూ?”

కోడలు ఊపిరి వదిలింది. వదిలినందుకు సిగ్గుపడింది. ఎవరిదో ఒక ఆడపిల్ల ఆ మెట్ల మీదనుంచి మాయమైపోయింది. అది తన ఇంటిది కానందుకు తనకు ప్రాణం లేచొచ్చింది.

“దొరకలేదా?”

“నేనున్న అయిదు రోజుల్లో దొరకలేదు. ఊరు దాటొద్దన్నారు పోలీసులు. అమ్మగారు ఏడవలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని నా వైపే చూస్తూ కూర్చునేది. అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు, ఎప్పుడు తలెత్తినా అదే చూపు. అయిదో రోజు పాస్‌పోర్టు తీసుకుని పారిపోయి వచ్చేశాను. అక్క పేరు మీద అక్కడేం రాసుకున్నారో తెలియదు. అక్కకు కూడా చెప్పలేదు. మీ మామయ్యకు చెప్పలేదు. వాళ్ళూ ఈపాటికి ఆ ఊరు వదిలేసి ఎప్పుడో తిరిగొచ్చేసి ఉంటారు.”

“మరి వస్తానని ఎందుకన్నారు అత్తయ్యా? మొదట రానన్నారుగా. పడవల ఊరు చేర్చాకే ఒప్పుకున్నారు.”

అత్తయ్య మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టింది. తిప్పలేదు.

“బండి కింద పెట్టాక నేను తలెత్తి చూశానా లేదా అని. కిందనుంచి చూస్తే ఆ పై మెట్టు కనపడుతుందా లేదా అని. కనపడితే, నేను చూడలేదన్నమాట. కనపడకపోతే, చూసినా లాభం లేదన్నమాట. ఒక్కసారి అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఇన్నేళ్ళుగా అదొక్కటే తెలియదు నాకు.”

కోడలికి తోచింది ఆఫీసు మాటే.

నాలుగు దశాబ్దాల నాటి సిరా కార్డులు కంప్యూటర్‌లో ఎక్కించారో లేదో ఆమెకు తెలియదు. ఎక్కించి ఉంటే రేపు అత్తయ్య వేళ్ళు చనిపోయిన మనిషి పేరు చెబుతాయి. అరగదీసిన వేళ్ళు చూస్తే గాజు అద్దం అవతల కూర్చున్నవాళ్ళు ఎలాగూ పిలిచి అడుగుతారు. వెళితే ఒక ప్రమాదం, దాస్తే రెండు. మిగిలింది ఒకటే దారి.

“రేపు మీరు రావద్దు,” అంది. “పొద్దున్నే ఫోను చేస్తాను. మోకాళ్ళ నొప్పి, ప్రయాణం మానుకున్నారని చెబుతాను. ఫారం వెనక్కి తీసుకోవచ్చు, వేళ్ళు పెట్టకముందైతే ఏ ఇబ్బందీ ఉండదు. మీ అబ్బాయికి కూడా మోకాళ్ళనే చెబుదాం.”

“నువ్వు నమ్ముతున్నావా నన్ను?”

కోడలు లేచి వెళ్ళి దూది, మందు తెచ్చింది. చూపుడువేలికి కట్టు కట్టింది.

“నమ్ముతున్నాను.”

“ఆలోచించి చెప్పావు. మంచిదే,” అంది అత్తయ్య.

ఫారం నాలుగు మడతలై సంచిలోకి వెళ్ళింది. రాయి చెత్తబుట్టలోకి. కోడలు గోడ దగ్గరికెళ్ళి చార్టులో మనుషుల లెక్క దగ్గర నాలుగు అన్న అంకెను పెన్సిల్‌తో కొట్టేసి మూడు అని రాసింది. మూడు అని రాశాక, పొద్దుటినుంచి గుండె మీద ఉన్న బరువు కొంచెం దిగింది. ముగ్గురు వెళతారు, ఒకరు ఇంట్లో ఉంటారు. ఎవరికీ తెలియదు. ఏమీ జరగదు.

బల్ల మీద ఫోను మోత పెట్టింది. పడవల ఊరి గైడు. కోడలు నిలబడే చదివింది.

“ఫొటో అందిందండీ. అందరూ ఎంత బావున్నారో. అమ్మకు చూపిస్తే మీ అత్తగారిని చూడగానే గుర్తుపట్టింది! ఎప్పుడో మా ఇంట్లో ఉండేవారట. నేను పుట్టకముందు. కానీ మీరు రాసిన పేరు కాదంటోంది.”

ఆ కింద ఆ తల్లి చెప్పిన పేరు ఉంది. అత్తయ్య అక్క పేరు. ఆ పేరుతో అత్తయ్యను పిలిచినవాళ్ళు లోకంలో ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

వాళ్ళు ఆ ఊరు వదలలేదు.

నాలుగు రోజులు అత్తయ్య వేళ్ళు అరగదీసుకుంది. మొహాన్ని కోడలు శుక్రవారమే పంపించేసింది. హోటల్ పేరుతో, చేరే తేదీతో, రైలు నంబరుతో, ఈ ఇంటి చిరునామాతో సహా.

“ఎవరు?” అంది అత్తయ్య.

“ఆఫీసు.”

కింద వీధి తలుపు చప్పుడైంది. సూట్‌కేసు చక్రాలు మొదటి మెట్టుకు తగిలాయి. పాప గొంతు పైకి వినిపించింది. “ఒకటీ... రెండూ... నాన్నా నువ్వు ముందు ఎక్కు, ఇది నేనే తెస్తా... మూడూ...”

అత్తయ్య కట్టు కట్టిన చెయ్యి బల్లకు ఆనించి లేచింది. చెప్పులు వేసుకోకుండానే తలుపు తీసి వెళ్ళి, రోజూ నిలబడేచోటే, పై మెట్టు మీద నిలబడి కిందికి వంగింది.

“పాపా, అక్కడే ఆగు. నేనొస్తున్నా. చెయ్యి ఇవ్వు.”

“నాకు తొమ్మిదేళ్ళు నానమ్మా!”

కోడలి చేతిలో ఫోను మళ్ళీ మోత పెట్టింది.

“అమ్మ ఇవాళ నవ్విందండీ, నేనెప్పుడూ చూడలేదు. రేవు మెట్ల దగ్గరికి తనే స్వయంగా వస్తానంటోంది. ఫొటోలో మీ పాపను చాలాసేపు చూసింది. ఎవరు వచ్చినా రాకపోయినా పాపను మాత్రం తప్పకుండా తీసుకురమ్మంది.”